బల్ల మీద సీకింగ్: పని ఇక్కడి దాకా వచ్చింది

సీకింగ్ అనే నేవీ హెలికాప్టర్‌కి ప్లాస్టిక్ మోడల్ చేస్తున్నాను. కిట్ 1/72 స్కేలుది, అంటే అసలుదానిలో 72వ వంతు. పెట్టె మీద బొమ్మ అమెరికన్ నేవీ సీకింగ్ రకం ఎస్‌హెచ్-3హెచ్. నేను చేస్తున్నది మాత్రం మన వైజాగ్ హెలికాప్టర్, నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలోని ఐఎన్ఏఎస్ 350 స్క్వాడ్రన్ వాళ్ల యూహెచ్-3హెచ్. 2007లో ఐఎన్ఎస్ జలాశ్వను అమెరికా నుంచి కొన్నప్పుడు ఆ నౌకతో పాటే ఇవి ఆరు వచ్చాయి. 2009 మార్చిలో 'సారస్' పేరుతో స్క్వాడ్రన్ మొదలైంది. 2024 జూన్ 28న వీటికి వీడ్కోలు చెప్పేశారు. ఊరు ఊరంతా తలెత్తి చూసిన హెలికాప్టర్ కదా, పెట్టెలో ఇచ్చిన అమెరికన్ గుర్తులు అతికించడానికి మనసొప్పలేదు.

ముందు లోపలి పని. ఎస్‌హెచ్-3హెచ్ జలాంతర్గాముల్ని వేటాడే రకం కాబట్టి కిట్‌లో సోనార్ సామాను, అంటే నీటిలో శబ్దంతో వెతికే సామాను ఉంటుంది. యూహెచ్‌లో అది తీసేసి, మనుషుల్నీ సరుకునీ మోయడానికి చోటు చేశారు. అందుకని ఆ ముక్కలన్నీ స్పేర్ డబ్బాలోకి పోయాయి. గోడల వెంట సీట్లకి అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు వాడాను. గుడ్డ ముడతల కోసం టిష్యూ పేపర్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి అతికించాను. ఆరాక రంగు వేస్తే కాన్వాస్ లాగే కనబడుతోంది. తలుపు తెరిచి పెడుతున్నాను కాబట్టి ఇంత శ్రమ. మూసేసేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు.

ఇంకోమాట. హెలికాప్టర్ అనగానే మోడల్ తోక మీదికి వాలిపోకుండా ముక్కులో సీసం గుండ్లు పోస్తుంటాం. సీకింగ్‌కి ఆ బెంగ లేదు, వెనక తోక చక్రం ఉంది.

రెండు సగాలూ అతికించి, 400 తర్వాత 800 నంబరు ఎమరీ పేపరుతో అతుకు నున్నగా చేసేసరికి మా వీధి చివర ఉండే చీఫ్ గారు చూడ్డానికి వచ్చారు. నేవీలో ఎయిర్ ఆర్టిఫిసర్‌గా, అంటే విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మొదట చాలా ఏళ్లు బ్రిటిష్ తయారీ సీకింగ్ 42బీల మీద, ఆఖర్న వీటి మీద. అద్దాలు పెట్టుకుని ఆయన చూసింది కాక్‌పిట్ కాదు, తోక. వేలితో గాలిలో లెక్కపెట్టి, "ఐదు. కరెక్టే. మా 42బీకి ఆరుండేవి బాబూ" అన్నారు. నిజమే, అమెరికన్ సీకింగ్‌కి తోక రోటర్లో ఐదు రెక్కలు, బ్రిటన్‌లో తయారుచేసిన వెస్ట్‌ల్యాండ్ వాళ్లు తర్వాత ఆరు చేశారు. ఇంజిన్ల సంగతి వస్తే గ్నోమ్, టీ58 అన్నదమ్ములే అన్నారు. అమెరికన్ టీ58నే లైసెన్సు తీసుకుని బ్రిటన్‌లో గ్నోమ్‌గా చేశారు. పేర్లు వేరైనా స్పానరు పట్టుకున్న చేతికి పెద్ద కొత్తేం కాదట.

ఆ తర్వాత అడిగారు: "రెక్కలు విప్పి పెడతావా? మేం ఎప్పుడూ మడిచే చూశాం." విప్పితే ప్రధాన రోటర్ అసలు వ్యాసం 18.9 మీటర్లు, 1/72లో సుమారు 26 సెంటీమీటర్లు. నా గాజు పెట్టె వెడల్పుకి అది ఇరుకే. ఒక రెక్క తోక మీదుగా తిన్నగా ఉంటుంది, మిగతా నాలుగూ దానికి చెరో పక్కకి వెనక్కి వాలతాయి. మడవడానికి హైడ్రాలిక్స్ ఉన్నా, ఊగే డెక్ మీద గాలి కొడుతుంటే ప్రతి రెక్కనీ కట్టే దాకా టెన్షనే అని ఆయన చెబుతూ పోయారు. చెబుతున్నంతసేపూ కుడి చెయ్యి పైకెత్తి, లేని రెక్క చివర పట్టుకుని నడిపిస్తూనే ఉంది. సరే, మడిచిన రెక్కలే ఖాయం.

పద్ధతి ఇది: ప్రతి రెక్క మొదట్లో హింజ్ దగ్గర సన్నటి రంపంతో కోసి, రెండు వైపులా చేతి డ్రిల్లు లాంటి పిన్‌వైస్‌తో 0.4 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, గిటార్ మొదటి తీగ ముక్క దూర్చి ఫెవిక్విక్ చుక్క వేయాలి. కోయకముందే రెక్కల్ని వేడినీళ్లలో ముంచి కొద్దిగా కిందికి వంచుకోవాలి. కిట్ రెక్కలు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి, ఆగి ఉన్న హెలికాప్టర్‌కి అలా ఉండవు. కిటికీ అద్దాలకి మాత్రం ఫెవిక్విక్ దగ్గరికి రానివ్వకండి, తెల్లగా పొగ పట్టేస్తుంది. వాటికి ఫెవికాలే.

రంగు టమియా కంపెనీ న్యూట్రల్ గ్రే, కొంచెం తెలుపు కలిపి, ఎయిర్‌బ్రష్‌కి 0.3 నాజిల్, గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ. మన సముద్రపు తేమకి పొద్దున్నే స్ప్రే చేస్తే పైన తెల్లటి మబ్బు కడుతుంది. మధ్యాహ్నం ఎండ బాగా కాసినప్పుడే పెట్టుకోవాలి. కంప్రెసర్‌కి నీరు పట్టే ట్రాప్ లేకపోతే మన ఊళ్లో ఎయిర్‌బ్రష్ కొనడం దండగ.

మురికి పట్టించే పని చీఫ్ గారి చేతిలో చాలా తగ్గింది. మోడల్ చేసేవాళ్లకి నేవీ అనగానే ఎర్ర తుప్పు గీతలు గీసే సరదా. హెలికాప్టర్ ఒళ్లు అల్యూమినియం, దానికి ఎర్ర తుప్పు ఎక్కడ పడుతుంది? తెల్లటి పొడి లేస్తుంది. అదీ కనబడనివ్వరు, సముద్రం మీంచి రాగానే మంచినీళ్లతో కడగాల్సిందే. ఆ కడుగుడు మీద ఆయనకి ఇప్పటికీ కోపం, ప్రేమ రెండూ ఉన్నాయి. ఎగ్జాస్ట్ గొట్టాల వెనక మసి మాత్రం ఉంచమన్నారు. నల్ల పేస్టెల్ పొడి, మెత్తటి బ్రష్, అంతే.

వచ్చే ఆదివారం ఆయనతో పాటు వించ్ (మనుషుల్ని తాడుతో పైకి లాగే యంత్రం) ఆపరేటర్‌గా చేసిన స్నేహితుడు కూడా వస్తారట. కుడివైపు పెద్ద తలుపు మీద ఉండే వించ్ ఫోటో పంపిస్తే ఆ స్నేహితుడు ఫోన్‌లోనే పావుగంట మాట్లాడారు. కొక్కేన్ని ముందు నీటికి తాకించాలి, లేకపోతే రెక్కల తిరుగుడుకి పోగైన స్టాటిక్ కరెంటు కింద ఉన్నవాణ్ణి కొడుతుంది. ట్రైనింగ్‌లో ఆ షాక్ తిన్నారట. ఎక్కడ తిన్నారో చూపించడానికి వీడియో కాల్ చేయమన్నారు.

మిగిలింది డెకల్స్, అంటే మోడల్ మీద అతికించే గుర్తులు. మన గుండ్రటి గుర్తులో తెలుపు ఉంది, ఇంక్‌జెట్‌కి తెల్ల ఇంకు ఉండదు. కాబట్టి తెల్ల డెకల్ పేపరు మీద ప్రింట్ తీసి, క్లియర్ కోటు రెండుసార్లు కొట్టి, అంచు వెంట కత్తిరించాలి. పారదర్శకం పేపరు మీద తీస్తే గ్రే మీద కాషాయం మట్టి రంగులోకి తిరుగుతుంది. అంకెలు నల్లవి, వాటికి పారదర్శకం చాలు. ఆ తర్వాత యాంటెన్నా తీగలు, వించ్ కొక్కెం. కొక్కెం ఎంత కిందికి వేలాడాలో ఆదివారం వాళ్లిద్దరూ తేలుస్తారు.