అంబత్తూరులో ఒక పాత సర్వర్‌కు కొత్త డిస్కులు

చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నానంటే మా ఒంగోలు వైపు బంధువులందరికీ ఓఎంఆర్ రోడ్డు మీది అద్దాల భవనాలే గుర్తుకొస్తాయి. నాకు ఈ నగరం అన్నం పెట్టింది మాత్రం అంబత్తూరు పారిశ్రామికవాడలో, లేత్ మెషిన్ల చప్పుడు మధ్య, చిన్న కంపెనీల సర్వర్లు చూసుకునే పనిలో. ఇక్కడ వారంటీ తీరిందని సర్వర్‌ను ఎవరూ మార్చరు. యంత్రం నడిచినంత కాలం నడిపించుకుంటారు, అలా నడిపించగలిగే మనిషి కోసం వెతుక్కుంటారు. ఆ పనికి తగిన గౌరవం మన పిల్లల్లో కనిపించడం లేదనే బాధతోనే, ఈ మధ్య చేసిన ఒక పని గురించి వివరంగా రాస్తున్నాను.

ఆ కంపెనీ వాహనాల విడిభాగాలు తయారు చేస్తుంది. యజమాని తాతగారి కాలంలోనే నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. వారి సర్వర్ డెల్ పవర్ఎడ్జ్ ఆర్710, 2009లో మార్కెట్లోకి వచ్చిన నమూనా. ముందువైపు ఆరు డిస్కులు పట్టే అరలున్నాయి. రెండింటిలో విండోస్ నడిచే 300 జీబీ ఎస్ఏఎస్ (సర్వర్ల కోసం చేసిన రకం) డిస్కులు ఒకదానికొకటి నకలుగా ఉన్నాయి, మూడింటిలో ఒక్కొక్కటి 1 టీబీ చొప్పున సాటా (మామూలు కంప్యూటర్లలోనూ వాడే రకం) డిస్కులు రెయిడ్ 5 పద్ధతిలో, అంటే మూడూ ఒకే డిస్కులా కలిసి, ఒకటి పోయినా డేటా నిలిచేలా ఉన్నాయి, ఆరో అర ఖాళీ. డ్రాయింగులు, తనిఖీ ఫోటోలు, ట్యాలీ లెక్కలు అన్నీ ఆ మూడు డిస్కుల మీదే. వాటిలో పాతవాటిని తీసేద్దామంటే కుదరదు. 2013 కంపెనీల చట్టం ఎనిమిది ఆర్థిక సంవత్సరాల లెక్కల పుస్తకాలను భద్రపరచమంటుంది, ఇక పార్టులు కొనే కంపెనీలేమో ఏళ్ల కిందటి తనిఖీ రికార్డును కూడా ఎప్పుడైనా అడుగుతాయి.

"చోటు అయిపోయింది బాబూ, రిచీ స్ట్రీట్‌కు వెళ్లి 8 టీబీ డిస్కు ఒకటి తెచ్చి ఆ ఖాళీ అరలో పెట్టేయ్" అన్నారు యజమాని. వినడానికి సబబుగానే ఉంటుంది. "అది అలా కుదరదండీ, ముందు లోపలి కార్డు ఏమిటో చూడాలి" అన్నాను.

పాత సర్వర్‌లో ఎంత డిస్కు పెట్టవచ్చో తేల్చేది డిస్కు కాదు, దానిని నడిపించే రెయిడ్ కంట్రోలర్ కార్డు. ఈ యంత్రంలో ఉన్నది పెర్క్ 6/ఐ. ఆ తరం కార్డులు డిస్కులోని ప్రతి గడికీ 32 బిట్ల చిరునామా ఇస్తాయి. ఒక్కో గడిలో 512 బైట్లు పడతాయి కాబట్టి, సుమారు 429 కోట్ల గడులను 512తో గుణిస్తే వచ్చే 2.2 టీబీ దగ్గర వాటి చూపు ఆగిపోతుంది. 8 టీబీ డిస్కు పెట్టినా అందులో అధిక భాగం ఈ కార్డుకు లేనట్లే. ఖాళీ అరలో మరో 1 టీబీ డిస్కు చేర్చి రెయిడ్‌ను పొడిగించడం ఒక దారే. అయితే అప్పుడు మొత్తం 2 టీబీ దాటుతుంది, డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే విభజన పట్టిక మాత్రం పాత ఎంబీఆర్ పద్ధతిది. అది కూడా అదే 2.2 టీబీ గీత దాటలేదు. దాన్ని ఆ గీత లేని కొత్త పద్ధతి జీపీటీకి మార్చాలంటే విండోస్ తన సొంత పరికరాలతో ఉన్న విభజనలన్నీ తుడిచేయమంటుంది. ఎలాగూ డేటా అంతా బయటికి తీసి మళ్లీ ఎక్కించక తప్పనప్పుడు, ఒక్క టీబీ కోసం అంత శ్రమ దండగ అనిపించింది. కార్డునే మార్చి, పెద్ద డిస్కులను చూడగలిగే తర్వాతి తరం హెచ్700 కార్డు వేసి, మూడు పాత డిస్కుల స్థానంలో నాలుగు 4 టీబీ డిస్కులు పెడదామని ప్రతిపాదించాను.

నాలుగు డిస్కులను రెయిడ్ 5లో పెడితే 12 టీబీ వస్తుంది, డిస్కులను జతలుగా చేసి ఒకదానికొకటి నకలు ఉంచే రెయిడ్ 10లో 8 టీబీయే వస్తుంది. యజమానికి సహజంగానే 12 మీద మనసు పోయింది. ఆయన ముందు కాగితం పెట్టి లెక్క వేసి చూపించాను. రెయిడ్ 5లో ఒక డిస్కు పోతే, దాన్ని తిరిగి నింపడానికి మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి, అంటే 12 టీబీ, 96 లక్షల కోట్ల బిట్లు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులే ఇచ్చే హామీ, కోటి కోట్ల బిట్లకు ఒక్కటి మించి చదవలేని చోటు ఉండదని. కోటి కోట్లంటే 100 లక్షల కోట్లు, కాబట్టి మనం దాని అంచున నిలబడతాం. వ్యాపార శ్రేణి డిస్కుల్లో ఆ హామీ పది రెట్లు మెరుగు, అయినా వయసు మీరిన యంత్రంలో అంత సుదీర్ఘమైన పునర్నిర్మాణాన్ని నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. రెయిడ్ 10లో అయితే పోయిన డిస్కు జతను కాపీ చేస్తే చాలు. ఆయన కాసేపు కాగితం వంకే చూసి "నీ మాటే కానీ" అన్నారు.

రిచీ స్ట్రీట్ మౌంట్ రోడ్డుకు పక్కనే ఉంటుంది. పాత సర్వర్ విడిభాగాలు అమ్మే మేడమీది దుకాణాలకు ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. చెన్నైకి వచ్చిన కొత్తలో నాకు సగం పని నేర్పింది అక్కడి ఒక తమిళ పెద్దాయనే. "తంబీ, కార్డు ఒక్కటే కొంటే ఇంటికెళ్లి ఏడుస్తావు" అని ఆయన ఆనాడు చెప్పిన మాట ఈ పనిలో అక్షరాలా వర్తించింది, ఎందుకంటే హెచ్700కు కేబుళ్ల మూతి వేరు, పెర్క్ 6/ఐ కేబుళ్లు దానికి పట్టవు. కార్డు, కేబుళ్లు, బ్యాటరీ, డిస్కు కూర్చునే క్యాడీ ఇవన్నీ వాడినవే తీసుకున్నాం, డిస్కులు మాత్రం కొత్తవి, బిల్లుతో, వ్యాపార శ్రేణివి. బ్యాటరీని వెలుతురులో తిప్పి, ఎక్కడైనా ఉబ్బిందేమో వేలితో తడిమి చూశాను. కరెంటు పోయిన క్షణంలో కార్డు జ్ఞాపకంలో ఉండి డిస్కు మీదికి ఇంకా చేరని రాతను కాపాడేది అదే. అది నీరసిస్తే కార్డు రాతను దాచుకోవడం మానేసి నేరుగా డిస్కుకే రాస్తుంది, అప్పుడు ఆఫీసంతా సర్వర్ నెమ్మదించిందని గోల పెడుతుంది.

డిస్కులు చేతికి వచ్చాక కూడా సర్వర్‌ను ముట్టుకోలేదు. ముందు ఒక్కో డిస్కునూ వేరే కంప్యూటర్‌కు తగిలించి ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివించాను. తర్వాత డేటా మొత్తం రెండు బయటి డిస్కుల్లోకి, ఎవరు ఏ ఫోల్డర్ తెరవవచ్చో ఆ అనుమతులతో సహా, విండోస్‌తో వచ్చే రోబోకాపీ అనే కాపీ పరికరంతో తీయించాను. కాపీ అయిందన్న మాట మీద నేను ఆగను. ఆ డిస్కు నుంచి ట్యాలీ కంపెనీని తెరిపించి, అకౌంటెంట్ చేత పాత సంవత్సరం లెడ్జర్ ఒకటి, డిజైనర్ చేత డ్రాయింగ్ ఒకటి చూపించుకున్నాకే బ్యాకప్ ఉన్నట్లు లెక్క. 2015 డిసెంబరు వరదల్లో ఈ నగరంలో కింది అంతస్తుల ఆఫీసులెన్నో నీట మునిగాయి. సర్వర్ పక్క బీరువాలోనే బ్యాకప్ పెట్టుకుంటే ఏమవుతుందో అప్పటి నుంచి ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. రెండింటిలో ఒక డిస్కు యజమాని ఇంటి మేడమీదికి వెళ్లింది.

ఆదివారం షిఫ్టు లేనప్పుడు పని మొదలుపెట్టాను. హెచ్700తో విండోస్ మాట్లాడేందుకు కావలసిన డ్రైవర్ అనే ప్రోగ్రామును పాత కార్డు ఉండగానే విండోస్‌లో ఎక్కించాను, లేకపోతే కార్డు మార్చాక విండోస్ తన డిస్కునే గుర్తుపట్టలేక నీలి తెరతో ఆగిపోయే ప్రమాదం ఉంది. మూత తీసి కార్డు మార్చి, కొత్త కేబుళ్లు బిగించి, ముందుగా విండోస్ డిస్కులు రెండూ మాత్రమే పెట్టి స్విచ్ వేశాను. ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తి తగ్గాక, తనది కాని అమరిక ఒకటి డిస్కుల్లో కనిపించిందని కార్డు తెర మీద చూపింది. పాత కార్డు రాసిన అమరికను కొత్త కార్డు చదవగలిగిందని దాని అర్థం. ఎఫ్ నొక్కి దిగుమతి చేయగానే విండోస్ లేచింది. మిగిలిన నాలుగు అరల్లో కొత్త డిస్కులు తోసి, కంట్రోల్ ఆర్ నొక్కి రెయిడ్ 10 అమర్చి, విండోస్‌లో జీపీటీగా తయారు చేసి, డేటాను వెనక్కి పోయించడం మొదలుపెట్టాను. యంత్రాన్ని లేపే పాత బయోస్ పద్ధతిలో జీపీటీ డిస్కు నుంచి విండోస్ బూట్ కాదు కానీ, డేటా డిస్కుగా నిక్షేపంగా పనిచేస్తుంది. విండోస్‌ను వేరే జతలో ఉంచిన పాత పద్ధతి మాకు అక్కడ కలిసొచ్చింది.

సోమవారం పొద్దున షిఫ్టు వాళ్లు వచ్చేసరికి డ్రాయింగులన్నీ తమ తమ ఫోల్డర్లలో ఉన్నాయి. ఈ సర్వర్ ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉండకూడదని, వచ్చే కొన్నేళ్లలో కొత్త యంత్రానికి డబ్బు పక్కన పెట్టాలని యజమానికి రాసి ఇచ్చాను. తీసిన మూడు 1 టీబీ డిస్కుల మీద ఏది ఏ అరలోదో అంకెలు వేసి, పాత కార్డుతో సహా పెట్టెలో సర్ది, ఆ నెల జీఎస్టీ రిటర్ను దాఖలయ్యేదాకా వాటిని ఎవరూ తుడవకూడదని పెట్టె మూత మీద తెలుగులోనూ తమిళంలోనూ రాశాను.