పురమందిరంలో ఒక మధ్యాహ్నం

పైకప్పు మరమ్మతు గురించి చర్చించే సభకని ఈ మధ్యాహ్నం పాత పురమందిరానికి వెళ్లాను. చెప్పిన వేళకు సభ మొదలుకాలేదు. ఆ ఆలస్యం పుణ్యమా అని, ఇన్నేళ్లుగా ఎక్కి దిగుతూ కూడా ఎన్నడూ తేరిపార చూడని చెక్క మెట్లను చూశాను. మధ్యభాగం అరిగి గుంట పడింది. గోడవార మాత్రం అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. పెళ్లి నమోదుకు సాక్షులను వెంటబెట్టుకు వచ్చినవారూ, పన్ను ఎక్కువ వేశారని తగవుకు వచ్చినవారూ, ఓటు వేయడానికి వచ్చినవారూ అందరూ ఆ నడిమి పలకల మీదనే అడుగు వేశారన్నమాట.

యూరపులోని పాత పురమందిరాలలో చాలావాటికి కింద బజారు, పైన సభాస్థలి ఉండేవి. ధరల గొడవ పాలకుల చెవిన పడి తీరే ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. ఇటలీలోని సియెనాలో ఊరిని ఏలే తొమ్మిదిమంది తమ రెండు నెలల పదవీకాలమంతా పురమందిరంలోనే నివసించేవారు. వారు కూర్చునే గది గోడల మీద అంబ్రోజియో లోరెంజెట్టి 1338-39లో మంచి పాలననూ చెడ్డ పాలననూ, వాటి ఫలితాలనూ చిత్రించాడు. ఒకవైపు నాట్యమాడేవారు, చెప్పుల దుకాణం, కడుతున్న ఇంటిమీద తాపీపనివారు; మరోవైపు కొమ్ముల నిరంకుశుడు, పాడుబడిన ఊరు. తలెత్తితే చాలు, తమ నిర్ణయం ఎటు దారితీస్తుందో వారికి కనబడేది. మా సభలో తలెత్తితే కనబడింది కప్పుమీది చెమ్మ మరక ఒక్కటే. నిజానికి ఈ రోజుకు అదీ చాలు.

భవనానికి తాళం వేసి ప్రదర్శనశాలగా మార్చాలని కొందరు అన్నారు. నాకది సమ్మతం కాలేదు, ఎందుకంటే కప్పు కారుతున్న సంగతిని మొదట పసిగట్టింది ఏ నిపుణుడూ కాదు, సాయంత్రాలు అక్కడ నాటకం సాధన చేసే పిల్లలు. ఇంతలో వెనుక వరుసలోని ఒక పెద్దావిడ లేచి, “ఆ మైకు ఆపి మాట్లాడండి నాయనా, ఒక్క ముక్కా అర్థం కావడం లేదు” అన్నారు. ఆపారు. ఆ ఎత్తైన కప్పు కింద మాట స్పష్టంగా వినబడింది, వాదన మాత్రం ముదిరింది.

తీర్మానం వచ్చే వారానికి వాయిదా పడింది. మేము బయటికి వస్తూండగా పిల్లలు లోపలికి వచ్చి, మరక కింద బకెట్టు పెట్టి, కుర్చీలను దానికి దూరంగా జరుపుకుంటున్నారు.