ఒక్క ఫ్లాష్, ఒక గది, తీసేదీ దిగేదీ మీరే

మీ ఫొటో మీరే తీసుకుందామని ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించి స్టాండుకి ఎక్కించగానే ఎవరికైనా దాన్ని మెరిపించి చూడాలనిపిస్తుంది. కాస్త ఆగి, ముందు ఫ్లాష్ ఆపేసి ఒక ఫొటో తీయండి. కెమెరా మాన్యువల్ మోడ్‌లో, షట్టర్ (తెరిచి ఉండే సమయం) సెకనులో 1/160 వంతు, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 5.6, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 100. గదిలో మామూలు లైటు వెలుగుతుండగానే తీసిన ఆ ఫ్రేము నల్లగా రావాలి. అలా వస్తే గది వెలుతురు లెక్కలోంచి పోయినట్టే, ఇక ముఖం మీద కనబడేదంతా ఫ్లాష్ పనే. ఇంకా వెలుగు కనిపిస్తుంటే పరదా లాగండి, లేదా రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్ 8కి వెళ్లండి.

షట్టర్‌ని 1/1000కి పెంచి చీకటి చేద్దామంటే కుదరదు. ఫ్రేములో నల్లటి పట్టీ పడుతుంది. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే సెన్సర్ మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణమే ఉండదు. ఫ్లాష్ మెరిసేటప్పటికే షట్టర్‌ని మూసే రెండో తెర కొంత భాగాన్ని కప్పేసి ఉంటుంది. దూరంగా ఉన్న ఫ్లాష్‌ని మెరిపించే రేడియో ట్రిగ్గర్లు కొన్ని సిగ్నల్ అందించడంలో మరికాస్త ఆలస్యం చేస్తాయి కాబట్టి 1/160 దగ్గర మొదలుపెట్టడమే నయం. ఇంకా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ పనిచేసే హై స్పీడ్ సింక్ మోడ్ ఉంది కదా అంటారు. అది పవర్ తినేస్తుంది, నాలుగ్గోడల మధ్య దాని అవసరం రాదు.

ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే నిర్ణయించే టీటీఎల్ మోడ్ కూడా వద్దు. మీరు తల కాస్త తిప్పినా, చొక్కా మార్చినా అది పవర్ మార్చేస్తుంది, ఏ రెండు ఫ్రేములూ ఒకేలా రావు. ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పెట్టి, ఫుల్ పవర్‌లో 1/16 వంతు దగ్గర మొదలుపెట్టి, ముఖం తెల్లగా పేలిపోతే 1/32కి, చీకటిగా ఉంటే 1/8కి మార్చండి. పవర్ మారిస్తే ఫ్లాష్ వెలుగు మాత్రమే మారుతుంది. అపర్చర్ గానీ ఐఎస్ఓ గానీ కదిపితే గది వెలుతురూ దాంతోపాటే కదులుతుంది.

ఇంట్లో అసలు తలనొప్పి గోడలు. వెలుగుని మెత్తబరిచే తెల్ల అంబ్రెల్లాలోంచి ఫ్లాష్ కొడితే సగం వెలుగు ముందుకొస్తుంది, మిగతాది వెనక్కి తిరిగి కప్పుకీ గోడలకీ తగిలి నలువైపుల నుంచీ ముఖం మీదికి వస్తుంది. నీడలు చప్పబడిపోతాయి. పక్క గోడ ఆకుపచ్చ రంగుదైతే చెంప మీద ఆ ఛాయ కూడా దిగుతుంది, దాన్ని తర్వాత ఎడిటింగ్‌లో తీయడం నరకం. చిన్న గదికి అంబ్రెల్లా కంటే గ్రిడ్ (వెలుగు పక్కలకి పోకుండా ఆపే గళ్ల జాలీ) ఉన్న సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్ల గుడ్డ ఉండే పెట్టె) ఎంతో మేలు. అంబ్రెల్లా ఒక్కటే ఉంటే రంగు గోడ వైపు నల్ల దుప్పటి వేలాడదీయండి.

వెనక గోడ సంగతి దూరాల లెక్క. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. లైటు ముఖానికి 70 సెంటీమీటర్ల దూరంలో, గోడ ఆ లైటుకి 2.1 మీటర్ల దూరంలో ఉంటే గోడకి అందేది తొమ్మిదో వంతే. అంటే మూడు స్టాపులకి పైగా తక్కువ (వెలుగు ఒకసారి సగమైతే ఒక స్టాపు తగ్గినట్టు), తెల్ల సున్నం గోడ కూడా ముదురు బూడిద రంగులోకి పోతుంది. అదే లైటు ముఖానికి 2 మీటర్లు, గోడకి 3 మీటర్ల దూరంలో ఉంటే తేడా ఒక స్టాపు పైచిలుకు మాత్రమే, గోడ గోడలాగే కనబడుతుంది. దగ్గరకి తెస్తే వెలుగు మెత్తబడుతుంది కూడా. కాకపోతే 70 సెంటీమీటర్ల దగ్గర మీరు పది సెంటీమీటర్లు లైటు వైపు వాలినా దాదాపు అర స్టాపు పెరుగుతుంది. ఎదురుగా నిలబడి చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి పాదాల దగ్గర నేల మీద టేపు అంటించుకోవడం తప్పనిసరి.

ఆ టేపు ఫోకస్‌కీ పనికొస్తుంది. దాని మీద ఇంకో స్టాండో చీపురుకర్రో నిలబెట్టి, కళ్ల ఎత్తులో అచ్చు అక్షరాలున్న కాగితం అతికించండి. గది లైటు వేసి దాని మీద ఆటోఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్ ఫోకస్‌కి మార్చేయండి. మార్చడం మరిస్తే టైమర్ నొక్కిన క్షణంలో కెమెరా ఖాళీ గోడ మీద ఫోకస్ చేసి కూర్చుంటుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి 50 ఎంఎం లెన్సు పెట్టి 2 మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు 17 సెంటీమీటర్లే, ఎఫ్ 5.6లో అర మీటరు పైనే. ఒంటరిగా తీసుకునేటప్పుడు ఎఫ్ 1.8 మోజు పక్కన పెట్టండి.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ సెట్టింగులకి కెమెరా స్క్రీన్ నల్లగా కనబడుతుంది. పాడైందని కంగారుపడక మెనూలో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ (ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో ముందే చూపించేది) ఆపేయండి. ట్రిగ్గర్ బాగానే ఉన్నా ఫ్లాష్ అసలు మెరవకపోతే బ్యాటరీలకంటే ముందు సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి. చాలా కెమెరాల్లో ఆ మోడ్‌లో ఫ్లాష్ పనిచేయదు.

టైమర్ పది సెకన్లు, వరసగా మూడు ఫ్రేములు, వీలైతే మధ్యలో మూడేసి సెకన్ల విరామం. మొదటి ఫ్రేము బాగుండి రెండోది చీకటిగా వస్తే ఫ్లాష్ ఇంకా చార్జ్ కాలేదని అర్థం. ఫుల్ పవర్‌లో మళ్లీ సిద్ధం కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, 1/8 కిందికి దాదాపు వెంటనే. మామూలు ఆల్కలైన్ సెల్స్ కంటే రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ పవర్ త్వరగా అందిస్తాయి.

లైటు చోటు వెతకడానికి వంద ఫొటోలు అక్కర్లేదు. గది లైటు ఆపి, ఫ్లాష్ ఉన్న చోటే ఫోను టార్చి కట్టి, టేపు మీద నిలబడి చేతిలో అద్దం పట్టుకుని చూసుకోండి. అంచులు కరుకుగా కనిపించినా నీడ ఎటు పడుతుందో తెలిసిపోతుంది. పక్కకి 45 డిగ్రీలు, కళ్లకంటే కాస్త పైన పెడితే ముక్కు నీడ చెంప మీదికి వాలుతుంది, కంట్లో మెరుపు గడియారంలో పదింటి దగ్గరో రెండింటి దగ్గరో నిలుస్తుంది. మరీ పైకెత్తితే కళ్లు గుంటలవుతాయి. అవతలి చెంప మరీ నల్లబడితే ఆ వైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే చాలు, రెండో ఫ్లాష్ జోలికి పోనక్కర్లేదు.

కళ్లజోడులో సాఫ్ట్‌బాక్స్ ప్రతిబింబం కనిపిస్తే లైటుని ఇంకాస్త పైకి, పక్కకి జరపండి, లేదా కళ్లజోడు కాడలు చెవుల మీద కొంచెం పైకెత్తండి. అద్దాలు కిందికి వాలి ఆ మెరుపు కెమెరాని తప్పించుకుంటుంది.

వెనక టేబుల్ ల్యాంపు కూడా వెలుగుతూ కనబడాలంటే ఫ్లాష్‌ని ముట్టుకోకుండా షట్టర్‌ని 1/15కి తగ్గించండి. ముఖం మీద వెలుగు మారదు, ల్యాంపు మాత్రం పైకి తేలుతుంది. అప్పుడు గది పెద్ద లైటు మాత్రం ఆపేయాలి. లేదంటే మీరు కదిలిన చోటల్లా దెయ్యంలా రెండో అంచు పడుతుంది.