ఎడమవైపు ఎర్ర గీత

పోయిన సంవత్సరం దాళ్వా కోతలు మొదలైన రోజుల్లో నాకు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మాది కొత్తపేట దగ్గర పల్లె. నాన్న కాలం నుంచీ తరిమెన పని మీదే బతికాం. తరిమెన అంటే కర్రని గిరగిరా తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే సాధనం. మంచం కోళ్ళు, ఉయ్యాల స్తంభాలు, దేవుడి మందిరానికి కమ్ములు, కవ్వాలు, అప్పడాల కర్రలు. నాన్న రోజుల్లో ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. నా హయాంలో మోటారు వచ్చింది. ఏది తిప్పినా ఉలిని ఆన్చి నడిపించేది ఎడమ చెయ్యే.

ఆ రోజు పొద్దున అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. గ్లాసు వంగిపోయి టీ అంతా పంచె మీద పడింది. నాకు వేడి తెలియలేదు. "ఏవండీ, ఏంటండీ అలా పోసేసుకుంటున్నారు?" అంటూ మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. మూతి ఓ పక్కకి పోయింది, మాట ముద్దగా వస్తోంది. చేతులు రెండూ పైకెత్తమంది. కుడి చేయి ఎత్తి "ఎత్తాను కదా రెండూ" అన్నానట. ఎడమ చేయి ఒళ్ళోనే ఉంది. నాకు మాత్రం రెండూ లేచినట్టే అనిపించింది.

ఇరుగుపొరుగు చేరారు. పసరు పోసే ఆయన ఉన్నాడు, తీసుకెళ్దామన్నారు ఒకరు. పావురం నెత్తురు రాస్తే వేడి పుట్టి నరం కదులుతుందన్నారు ఇంకొకరు. అందరూ నా మంచి కోరేవాళ్ళే. కానీ మా అత్తగారికి ఇదే జబ్బు వస్తే పసరు తాగిస్తూ రోజులు గడిపారు, ఆవిడ మళ్ళీ మంచం దిగలేదు. ఆ సంగతి మా ఆవిడ మరిచిపోలేదు. పక్కింటి అబ్బాయితో కారు తీయించింది. రావులపాలెం దాటి, జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి. దారిలో నేను నిద్రపోతుంటే చెంపలు తట్టి లేపుతూనే ఉంది.

అక్కడ డాక్టరు గారు ముందు అడిగింది బీపీ గురించి కాదు, షుగర్ గురించీ కాదు. "ఈయన్ని ఆఖరిసారి మామూలుగా ఎన్నింటికి చూశారమ్మా?" అని. "ఆరున్నరకి కొబ్బరికాయలు లెక్కబెట్టి వ్యాపారికి అప్పజెప్పారండి" అంది మా ఆవిడ. వెంటనే సీటీ స్కాన్ తీశారు. మెదడులో రక్తస్రావం లేదు, గడ్డ అడ్డుపడింది. గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మనిషి బరువును బట్టి మోతాదు కట్టి, అందులో పదో వంతు ఒకేసారి, మిగతాది గంట సేపు సన్నగా ఎక్కిస్తారు. నేను వేళకే చేరాను కాబట్టి అది ఇచ్చారు. ఇది చదివేవాళ్ళ ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, చేయి జారినా, మాట తడబడినా, దయచేసి ఎవరి పసరు కోసమూ ఆగకండి. గడియారం చూసుకుని బయలుదేరండి. 108కి చేయండి, లేకపోతే దొరికిన బండి ఎక్కించండి.

కారణం ఈసీజీలో బయటపడింది. గుండె పై గదులు లయ తప్పి అదురుతున్నాయట. దాన్ని అట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అలా అదిరినప్పుడు రక్తం ఓ మూల నిలిచి గడ్డ కడుతుంది, ఆ ముక్క పైకెళ్ళి మెదడు రక్తనాళంలో ఇరుక్కుంటుంది. కొన్నాళ్ళ తర్వాత మరో స్కాన్ చూసి, గడ్డ కట్టనివ్వని మాత్ర మొదలుపెట్టారు. రోజుకి రెండు పూటలా, ఇక ఎప్పటికీ.

కాలు తొందరగానే తేరుకుంది. కర్ర పట్టుకుని కాలవ గట్టు దాకా నడవగలిగాను. చేతికి బలమూ కొంచెం కొంచెంగా వస్తోంది. కానీ ఇంట్లోవాళ్ళకి అర్థం కానిది ఇంకోటి ఉంది. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేసి "ఇంకాస్త పెట్టు" అనేవాణ్ణి. గడ్డం ఒక చెంపకే గీసుకునేవాణ్ణి. ఎడమ కాలికి చెప్పు లేకుండా వీధిలోకి నడిచేవాణ్ణి. ద్వారబంధానికి ఎడమ భుజం కొట్టుకునేది. మా ఆవిడ మొదట్లో కోప్పడింది, తర్వాత మతి పోయిందేమోనని భయపడింది. కళ్ళ డాక్టరు చూసి కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. నిజానికి లోపం కంటిలో లేదు. మెదడు కుడి భాగం దెబ్బతింటే కొందరికి ఎడమ పక్కన ఉన్నదేదీ లెక్కలోకి రాదు. చూడమని చెబితే చూస్తారు, చెప్పకపోతే ఆ పక్కంటూ ఒకటి ఉందనే తోచదు. ఇది మొండితనం కాదు, మతిమరుపు కాదు. రోగికి తానుగా తెలిసే వీలు లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళకే తెలిసి ఉండాలి. మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ మొదటి నెలల్లో మా ఆవిడకి అంత ఏడుపు ఉండేది కాదు.

ఏడుపంటే నాకూ వచ్చేది, కారణం లేకుండానే. టీవీలో పెళ్ళి చూపించినా, ఎవరైనా పేరు పెట్టి పిలిచినా గుక్కపట్టి ఏడ్చేవాణ్ణి. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి మనసు కుంగిపోతుందని, దానికీ మందు ఉందని డాక్టరు గారు చెప్పారు. వాడాను. పనిచేసింది.

ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి మా మండలం పిల్లే, నన్ను బాబాయ్‌గారూ అని పిలుస్తుంది. కంచానికి ఎడమ అంచున ఎర్ర టేపు అంటించింది. "ఎర్ర గీత కనబడేదాకా తల తిప్పండి బాబాయ్‌గారూ, అది కనబడ్డాకే ముద్ద కలపండి" అనేది. పేపరు చదివేటప్పుడు కూడా ఎడమ అంచున ఎర్ర పెన్సిల్ గీత. ప్రతి వరసకీ మళ్ళీ ఆ గీత దగ్గరికి రావాలి. చేతి స్పర్శ కోసం గంగాళంలో వడ్లు పోయించి, అందులో చింతగింజ, రూపాయి బిళ్ళ, బొత్తాం, మేకు దాచేది. కళ్ళు మూసుకుని ఎడమ చేత్తో వెతికి ఏదో చెప్పాలి. మొదట్లో అన్నీ వడ్లే. ఇంకోటి అద్దం. రెండు చేతుల మధ్యా నిలబెట్టి, కుడి చేయి కదిలిస్తూ అద్దంలో చూస్తుంటే ఎడమ చేయే కదులుతున్నట్టు ఉంటుంది. చేయి తెగిపోయినవాళ్ళ నొప్పికోసం డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ మొదలుపెట్టిన పద్ధతట, తర్వాత పక్షవాతానికీ వాడుతున్నారు.

ఇవన్నీ చేశాను గానీ మనసు పెట్టలేదు. మనసు పెట్టించింది నా మనవరాలు.

మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీలో ఉంటారు. పదేళ్ళ మనవరాలు అక్కడ బేస్‌బాల్ ఆడుతుంది. 1974 నుంచీ లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో ఆడపిల్లల్నీ ఆడనిస్తున్నారట. నాకు జబ్బు రాకముందే అడిగింది, "తాతయ్యా, నువ్వు చెక్క తిప్పుతావు కదా, నాకు బ్యాట్ చేసిపెట్టవా?" అని. అందుకని విశాఖపట్నంలో ఫర్నిచర్ పని చేసే మా తమ్ముడి కొడుకు అమెరికా ఆష్ కర్ర ఒకటి పంపించాడు. అది షాపులో గోడకి ఆన్చి ఉంది. ఒకరోజు వీడియోకాల్‌లో పిల్ల అంది, "తొందరేం లేదు తాతయ్యా, చెయ్యి వచ్చాకే చెయ్యి." వస్తుందని దానికి అనుమానమే లేదు. మర్నాడు షాపు తలుపులు తీయించాను.

డాక్టరు గారిని అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. గడ్డ కట్టనివ్వని మాత్ర వేసుకునే మనిషికి ఉలి తగిలితే రక్తం ఆగడం కష్టం. పోనీ గ్లౌజులు వేసుకుందామా అంటే తరిమెన దగ్గర అవి అసలు కూడదు. తిరిగే కర్ర గుడ్డని పట్టిందంటే వేళ్ళతో సహా లాగేస్తుంది. చివరికి షరతులు పెట్టారు. ఒంటరిగా చేయకూడదు. స్విచ్చి పక్కన ఇంకో మనిషి ఉండాలి. అలసట రాగానే ఆపాలి. దెబ్బ తగిలితే గట్టిగా నొక్కిపట్టి ఆస్పత్రికి రావాలి.

ఇంకో ప్రమాదం నాకే తట్టింది. తరిమెనలో మోటారు వైపు తల, కర్రని తిప్పే పళ్ళు, బెల్టు, అన్నీ ఎడమ పక్కనే ఉంటాయి. నా బుర్రలో లేని పక్క అదే. మా మేనల్లుడు తరిమెన తల మీద ఎర్ర రంగు పట్టీ వేశాడు, బెల్టుకి తొడుగు బిగించాడు. స్విచ్చి వేసే ముందు నేను ఆ ఎర్ర పట్టీని చూసి పైకి "ఎర్ర" అనాలి. అనకపోతే వాడు వేయడు. "మావయ్యా, ఎడమ!" అని రోజంతా వాడి నోట ఇదే మాట.

మొదట ఉలి కాదు, ఎమరీ పేపరు. తిరుగుతున్న మంచం కోడు మీద ఎడమ చేత్తో ఆన్చి పట్టుకోవడం. వడ్లలో చింతగింజ తెలియని వేళ్ళకి గరుకు తగ్గి నునుపు రావడం తెలియసాగింది. ఆ రోజు ఆనందం ఇంతా అంతా కాదు. తర్వాత బెల్టుని వేగం తగ్గే పుల్లీ మీదికి మార్చి చిన్న చిన్న కవ్వం కాడలు. ఉలి కర్రని తాకుతున్నదీ లేనిదీ చాలాకాలం చెవితోనే పట్టాను, చేయి ఇంకా చెప్పేది కాదు.

బ్యాట్ కొలతలు మా అమ్మాయి నియమాలు చదివి చెప్పింది. పిల్లల ఆటలో పొడవు 33 అంగుళాలు మించకూడదు, లావు 2 అంగుళాల 5 నూళ్ళు మించకూడదు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఒకే కర్రతో చేసినదైతే బ్యాట్ మీద ఆమోద ముద్ర అక్కర్లేదు. మా పిల్ల ఎత్తుకి 29 అంగుళాలు చాలన్నారు. లావు వైపు 2 అంగుళాల 2 నూళ్ళు, పిడి దగ్గర అంగుళానికి ఒక నూలు తక్కువ, చివర చేయి జారకుండా గుండు. బరువు 700 గ్రాముల లోపు ఉండాలనుకున్నాను. మన తుమ్మతో చేస్తే విరగదు గానీ పిల్ల మోయలేదు. ఆష్ తేలిక, సాగుడు గుణం ఉన్నది. టేకులాగే దానికీ ఏడాది వలయాలు స్పష్టంగా కనబడతాయి. వలయాలు చదునుగా కనిపించే ముఖాన బంతి తగిలితే పొరలు లేచిపోతాయి, అంచు చారలు ఉన్న పక్కనే కొట్టాలి. అందుకే చదును ముఖం మీద గుర్తు వేస్తారు. ఆ గుర్తు పైకి ఉండేలా పట్టుకుంటే బంతి సరైన పక్క తగులుతుంది. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఓ పచ్చ పురుగు అక్కడి ఆష్ చెట్లని కోట్లలో చంపిందట. మన కొబ్బరికి నల్లి పట్టినప్పటి రోజులు గుర్తొచ్చి బాధేసింది. దొరికిన కర్రని వృథా చేయకూడదనుకున్నాను.

చదరపు దిమ్మెని గుండ్రం చేసింది మా మేనల్లుడే. అక్కడే దెబ్బలు ఎక్కువ, నన్ను రానివ్వలేదు. ఆ తర్వాతది నాది. మంచం కోడు అయితే కొసలు రెండూ అలవాటు మీద వచ్చేస్తాయి. ఇది అలా కాదు. ఒక కొస లావు, ఒక కొస సన్నం, మధ్యలో ఎక్కడా మెట్టు కనబడకుండా దిగాలి. కుడి పక్కన పిడి చక్కగా వస్తోంది, ఎడమ పక్కన లావు భాగం ముట్టుకోకుండానే అయిపోయిందనుకునేవాణ్ణి. ఎర్ర పట్టీ దాకా చూడడం, అక్కడినుంచి కుడికి రావడం, కాలిపర్‌తో కొలవడం, మళ్ళీ ఎర్ర పట్టీకి వెళ్ళడం. ఇలా చేస్తూ చేస్తూ ఉండగా, పట్టీని వెతక్కుండానే కర్ర మొత్తం ఒక్కసారి కనబడడం మొదలైంది. ఎప్పుడన్నది చెప్పలేను. అదే వారాల్లో కంచంలో ఎడమ వైపు కూర కూడా నేనే తింటున్నానని మా ఆవిడ గమనించింది.

అవిసె నూనె పట్టించి, చదును ముఖం మీద పిల్ల పేరులో మొదటి అక్షరం తెలుగులో చెక్కాను. విమానంలో బ్యాట్‌ని చేతి సామానులో రానివ్వరు, అందుకని ఊరికొచ్చి వెళ్తున్న బంధువుల పెద్ద పెట్టెలో వేసి పంపాం.

ఇప్పుడు ఎడమ చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకుంటాను. చన్నీళ్ళు, వేణ్ణీళ్ళు తేడా ఇంకా సరిగ్గా తెలియదు, స్నానానికి నీళ్ళు మా ఆవిడే చూసి పోస్తుంది. అలసిపోతే సాయంత్రాలు ఎడమ భుజం మళ్ళీ ద్వారబంధానికి తగులుతుంది. మాత్ర మానలేదు.

మనవరాలు ఆ బ్యాట్‌తోనే ఆడుతోంది. కానీ పిడి కాస్త లావుగా ఉందట, వచ్చే ఏడాదికి 30 అంగుళాలది, పిడి ఇంకో నూలు సన్నంగా కావాలని చెప్పింది. ఈసారి దిమ్మెని గుండ్రం చేసేదీ నేనేనని మేనల్లుడితో అన్నాను. వాడు ఒప్పుకోలేదు. డాక్టరు గారిని అడిగి చెప్తానన్నాడు.