పాత ఫ్లాష్ వెలగనప్పుడు ఎక్కడ వెతకాలి: నా అనుభవం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పాత పెళ్లి ఆల్బమ్ ఏ ఇంట్లో తెరిచినా, పెళ్లికూతురి వెనక గోడ మీద గట్టి నల్లటి నీడ కనిపిస్తుంది. కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్ గన్ వేసిన నీడ అది. మా పెదనాన్నగారి స్టూడియోలో అలాంటి జపాన్ ఫ్లాష్ ఒకటి ఉండేది. నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడిచేది. స్టూడియో మూసేశాక అదీ, ఫిల్మ్ కెమెరా రెండూ నా చేతికొచ్చాయి. కెమెరా షట్టర్ శుభ్రంగా కొడుతోంది. ఫ్లాష్ మాత్రం ఉలకదు, పలకదు.

పాతది కదా, పోయుంటుందిలే అని పారేయడానికి నాకు మనసొప్పలేదు. నిజంగా ఏం పోయిందో తెలుసుకున్నాకే ఏ మాటైనా అనుకోవాలని నా పట్టుదల.

ముందు సెల్స్ అర తెరిచాను. ఎప్పుడో వేసి వదిలేసిన సెల్స్ కారిపోయి, రేకుల మీద తెల్లటి పొడి, దాని కింద ఆకుపచ్చ చిలుము. ఆల్కలైన్ సెల్ లోంచి కారేది క్షారం కాబట్టి దానికి నిమ్మరసం లాంటి పులుపే విరుగుడు. చెవిలో పెట్టుకునే దూది పుల్లని నిమ్మరసంలో ముంచి తుడిచాను. పొంగు ఆగాక స్పిరిట్‌తో మళ్లీ తుడిచి, ఇంకు రబ్బరుతో రేకు మెరిసేదాకా రుద్దాను. రసం మరీ ఎక్కువైతే లోపలికి దిగుతుంది, పుల్ల తడిస్తే చాలు.

కొత్త సెల్స్ వేసి స్విచ్ నొక్కగానే సన్నటి ఈల మొదలైంది. ఆ ఈల వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. సెల్స్ ఇచ్చే 6 వోల్టులను 300 దాటించే సర్క్యూట్ చేసే చప్పుడే అది. ఈల వస్తోందంటే సగం ఫ్లాష్ బతికే ఉంది. ఇక్కడ చవకరకం జింక్ కార్బన్ సెల్స్ వేయొద్దు. గడియారానికి సరిపోతాయి గానీ ఫ్లాష్ గుంజే కరెంటుకు అవి తట్టుకోలేవు. ఆల్కలైన్ గానీ, చార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ గానీ కావాలి. రెండో రకం 1.2 వోల్టులే అయినా కరెంటు ధారాళంగా ఇస్తాయి.

చార్జి నిండిందని చెప్పే రెడీ లైటు వెలగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. లోపలి పెద్ద కండెన్సర్‌లో అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ పొర పలచబడి కరెంటు కారిపోతుంది. చార్జి ఎక్కించి, ఆపి, కాసేపు వదిలి మళ్లీ ఎక్కిస్తుంటే ఆ పొర మెల్లగా కట్టుకుంటుంది. అలా చేస్తూ పోతే రెడీ లైటు త్వరగా రావడం మొదలైంది.

అప్పుడు ఫ్లాష్ వెనకున్న టెస్ట్ బటన్ నొక్కాను. గదంతా తెల్లగా మెరిసింది!

వెతుకులాటలో అన్నిటికన్నా విలువైన బటన్ ఇదేనంటాను. అది నొక్కగానే ట్రిగ్గర్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వేల వోల్టులు పుట్టించి గాజు గొట్టంలోని జినాన్ వాయువును మేల్కొలుపుతుంది. కండెన్సర్‌లో దాచిన కరెంటంతా ఆ వాయువు గుండా క్షణంలో దూకేస్తుంది. బటన్‌కు వెలిగిందంటే గొట్టం, కండెన్సర్, ట్రిగ్గర్ అన్నీ మంచివే. అయినా కెమెరా మీద పెట్టి షట్టర్ నొక్కితే ఉలుకు లేదు. అంటే లోపం కెమెరాలో ఉండాలి, లేదా కెమెరాకూ ఫ్లాష్‌కూ మధ్య ఉండాలి.

ఫ్లాష్ తీసేసి కెమెరాను మల్టీమీటర్‌తో పరీక్షించాను. కంటిన్యూటీలో (కరెంటుకు దారి కలిస్తే మీటరు కూసే అమరిక) పెట్టి, ఒక పుల్ల హాట్ షూ, అంటే కెమెరా నెత్తిన ఫ్లాష్ దూర్చే గాడి, మధ్య చుక్కకూ, రెండోది పక్క పట్టీకీ ఆనించి, షట్టర్ స్పీడు బి (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే అమరిక) మీద ఉంచి నొక్కిపట్టాను. మీటరు కూసింది, వదలగానే ఆగింది. పాత మెకానికల్ కెమెరాలకు ఇది తేలికైన పరీక్ష. కెమెరా మీద నింద పోయింది. కొన్ని కెమెరాలకు పక్కన రెండు సాకెట్లుంటాయి, ఎక్స్ అని ఒకటి, ఎం లేదా ఎఫ్‌పీ అని ఒకటి. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వైరు ఎక్స్‌లోనే పెట్టాలి, రెండోది పాత బల్బులది.

ఇక మిగిలింది ఫ్లాష్ పాదం, హాట్ షూలోకి దూరే భాగం. దాని మధ్య పిన్ను నల్లబడి ఉంది, రుద్దాను. పాదాన్ని పక్కకు వంచి పట్టుకుంటే ఒకసారి వెలిగేది, వదిలితే లేదు. లోపల వైరు తెగిందని అర్థమైపోయింది. కానీ నేను విప్పలేదు, ఎవరూ ఇంట్లో విప్పకూడదు. సెల్స్ తీసేసినా కండెన్సర్‌లో వందల వోల్టులు నిలిచే ఉంటాయి. అది ప్రాణం మీదికి తెచ్చే దెబ్బ.

బజారులో రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. పాతపట్నం వైపు నుంచి కూడా సామాన్లు ఆయన దగ్గరికే వస్తాయి. తన దగ్గర పనిచేసే కుర్రాడితో ఒడియాలో, నాతో మన యాసలో మాట్లాడతారు. ఫ్లాష్ చేతిలోకి తీసుకుని, "ఏటి బావూ, ఇవింకా దాచుకున్నోళ్లున్నారేటి!" అన్నారు ముచ్చటగా. విప్పగానే 100 వాట్ల బల్బు హోల్డరుకు కట్టిన రెండు వైర్లను కండెన్సర్ కాళ్లకు ఆనించారు. బల్బు భగ్గున మెరిసి ఆరింది. మీటరు పెట్టి సున్నా చూశాకే లోపల చెయ్యి పెట్టారు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేవాళ్లుంటారు, అలా చేస్తే నిప్పులు లేచి కండెన్సర్ పాడవుతుందని కుర్రాడికీ చెప్పారు. పాదంలోకి వెళ్లే వైరు సోల్డరింగ్ దగ్గర చిలుము తిని ఊడిపోయింది. చివర కత్తిరించి, రాగి మెరిసేలా గీకి, కొత్తగా సోల్డరింగ్ పెట్టారు. అంతే పని!

మూసేశాక, వెళ్లే ముందు ఇంకొకటి కొలవమన్నాను. ఫ్లాష్ చార్జి చేసి, పాదం మీద మధ్య పిన్నుకూ పక్క లోహానికీ మధ్య చూస్తే 180 వోల్టులు దాటింది. పాత ఫిల్మ్ కెమెరాలో ఫ్లాష్‌ను వెలిగించేది ఉత్త లోహపు స్విచ్, ఆ వోల్టులను తట్టుకుంటుంది. డిజిటల్ కెమెరాలన్నీ తట్టుకోవు. కెమెరా ఎంత తట్టుకోవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10330 చెప్పేది 24 వోల్టులే. పేరుమోసిన వివిటార్ 283 ఫ్లాష్‌లలో కూడా తొలి రోజులవి 200 వోల్టులు దాటేవి, తర్వాత తయారైనవి 10 వోల్టుల దగ్గరుండేవి. ఒకే మోడలైనా కొలవకుండా నమ్మకూడదు. అందుకే నా డిజిటల్ కెమెరా మీద దీన్ని పెట్టను. ఇంకో ఫ్లాష్ వెలుగు తగలగానే దీన్ని వెలిగించే స్లేవ్ అనే చిన్న పరికరం ఒకటి దీనికి తగిలించి దూరంగా నిలబెడతాను. డిజిటల్ కెమెరా సొంత ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టాలి, లేకపోతే ముందు వచ్చే కొలత మెరుపుకే పాతది వెలిగిపోతుంది.

ఫిల్మ్ కెమెరా మీద షట్టర్ స్పీడును సెకనులో 125వ వంతు కంటే వేగంగా పెట్టను. మా కెమెరా సింక్ స్పీడు, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం, అంతే, అంతకు మించితే ఫోటోలో కొంత భాగం నల్లగా పడుతుంది. వాన రోజుల్లో మా ఊరి తేమకు చిలుము ఊరికే పడుతుంది కాబట్టి పని కాగానే సెల్స్ తీసేసి, ఫ్లాష్‌ను సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెడుతున్నాను. నెలకోసారి తీసి, చార్జి ఎక్కించి నాలుగైదు సార్లు వెలిగిస్తాను.