బ్రేకుల్లేని బండి

పోలండ్‌లోని తోరున్‌కి వచ్చిన కొత్తలో మా రూమ్మేట్ నన్ను స్పీడ్‌వేకి, అంటే మట్టి ట్రాక్ మీద జరిగే బైక్ రేసులకి, లాక్కెళ్లాడు. నలుగురు రైడర్లు, నాలుగు రౌండ్లు, నిమిషంలో రేసు ఖతం. 500 సీసీ బండి, మిథనాల్‌తో నడుస్తుంది. గేరు ఒకటే, బ్రేకులు అసలే లేవు! మలుపులో ఎడమకాలు నేలకానించి, వెనకచక్రం జారనిస్తూ తిప్పేస్తారు. ముందు వరసలో కూర్చున్న పాపానికి నా ముఖం నిండా మట్టి.

పక్కనున్న పెద్దాయన నవ్వి, రుమాలిచ్చి, 1973 కథ ఎత్తుకున్నాడు. మావాడు తెలుగులో చెబుతుంటే విన్నాను. పోలండ్‌లోనే హోజూఫ్ ఊళ్లో వరల్డ్ ఫైనల్. పోలండ్ రైడర్ యెజీ ష్చాకెల్‌కీ, న్యూజిలాండ్ దిగ్గజం ఇవాన్ మాగర్‌కీ పాయింట్లు సమానం. తేల్చడానికి మళ్లీ రేసు పెడితే మాగర్ పడిపోయాడు. పోలండ్‌కి తొలి వ్యక్తిగత ప్రపంచ టైటిల్! రెండోది తోమాష్ గోలోబ్ తెచ్చేసరికి 2010. అంటే 37 ఏళ్లు. ఇప్పుడేమో పోలండ్ స్టార్ రైడర్ బార్తోష్ జ్మార్జ్‌లిక్ ఓడిపోతేనే ఇక్కడ వార్త.