పేరు కొనుక్కున్న ఊరు

ఇంట్లో అమ్మకు తోచడం లేదని, ఆకులు రంగు మారాయి కదా అని ఇవాళ న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి జిమ్ థార్ప్‌కి వెళ్లాం. పెన్సిల్వేనియా కొండల మధ్య చిన్న ఊరు. పార్కింగ్ దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఈ థార్ప్ ఎవరే, ఊరు కట్టించినాయనా?" అంది అమ్మ.

కాదు, ఒలింపిక్స్ గెలిచిన ఆటగాడు. ఆయన చదువుకున్న కార్లైల్ స్కూలు ఈ రాష్ట్రంలోదే, అంతకుమించి ఈ ఊరితో ఆయనకు ఏ బంధమూ లేదు. ఊరి పాత పేరు మాక్ చంక్. బొగ్గు మీద బతికింది. 1827లోనే కొండ మీంచి బొగ్గు బండ్లు వాలుకి వాటంతటవే దొర్లి వచ్చేలా పట్టాలు వేశారు. ఖాళీ బండ్లను కంచర గాడిదలు పైకి లాగేవి. దిగేటప్పుడు అవి కూడా బండెక్కి దర్జాగా వచ్చేవట! ఇది విని అమ్మ ఎంత నవ్విందో.

బొగ్గుకు గిరాకీ పడిపోయాక ఊరు చితికిపోయింది. సరిగ్గా అప్పుడే, 1953లో, జిమ్ థార్ప్ పోయాడు. అమెరికా ఆదివాసుల్లో సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్ (ఐదు ఆటల పోటీ), డెకథ్లాన్ (పది ఆటల పోటీ) రెండూ గెలిచినవాడు. సొంత రాష్ట్రం ఓక్లహోమాలో తెగవాళ్లు కర్మకాండ జరుపుతుండగానే మూడో భార్య ప్యాట్రీషియా పోలీసుని వెంటబెట్టుకొచ్చి శవపేటిక పట్టుకుపోయింది. ఆ పేరు చూసి జనం వస్తారన్న ఆశతో, సమాధి కట్టి ఆయన పేరు పెట్టుకుంటామని మాక్ చంక్ ఆవిడతో ఒప్పుకుంది. నది అవతలి ఈస్ట్ మాక్ చంక్‌తో కలిసి 1954లో రెండూ జిమ్ థార్ప్ అయ్యాయి. ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడాడు కదా, ఆ ఆటలో మేటివాళ్ల మ్యూజియం ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తమకే వస్తుందని కూడా ఆశపడ్డారు పాపం. అది 1963లో ఒహాయోలోని క్యాంటన్‌లో వెలిసింది.

సమాధి ఊరి బయట 903 రోడ్డు పక్కన ఉంది. ఎర్రరాతి పెట్టె, దాని మీద ఆయన ఆటల బొమ్మలు. ఓక్లహోమా మట్టి, స్టాక్‌హోమ్ స్టేడియం మట్టి తెచ్చి ఇక్కడ కలిపారు. ఊళ్లో కాలు పెట్టే చోటు లేదు, ఇక్కడ మాత్రం మేమే. జనం వచ్చేది కొండల కోసం. అవి మాక్ చంక్ అన్నప్పుడూ ఉన్నాయి కదా అనిపించింది.

తండ్రిని సొంత నేలకు తీసుకెళ్తామని కొడుకులు కోర్టుకెక్కారు. 2013లో గెలిచారు, 2014లో అప్పీల్లో ఓడారు, 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

"కొడుకులడిగినా ఇవ్వరా? ఇదేం చోద్యం!" అంది అమ్మ.

"కట్టుకున్నావిడ ఇచ్చింది అత్తయ్యా, ఆవిడకు హక్కు లేదా?" అన్నారు మా ఆయన.

"కర్మ మధ్యలో ఎత్తుకుపోయే హక్కు ఎవరికీ లేదు బాబూ."

నేను అమ్మ వైపే. ఎడిసన్ దాకా కారులో ఇదే వాదన, పాటలు పెట్టుకునే సందే దొరకలేదు.